స్వరం మీద చుక్క

"నీకేటమ్మా, ఫేను కింద కూకుని సేసే పని" అంది తవిటమ్మ, క్యారేజీ మూత బిగిస్తున్న కోడలి వైపు చూడకుండానే. ఆ మాట రోజూ అనేదే. నాట్లకీ కోతలకీ వంగి వంగి నడుము పోగొట్టుకున్న మనిషి ఆవిడ. కంప్యూటరు ముందు కూర్చోవడం కూడా ఒక పనేనంటే ఆవిడకు నమ్మకం కుదరదు. రాజకుమారి క్యారేజీ సంచిలో పెట్టుకుంది. చీకటితో లేచి వాకిలి ఊడ్చి, కుళాయి నీళ్లు పట్టి, వంట చేసి, అత్తకి మాత్రలిచ్చి, మొగుడికి ఇస్త్రీ చొక్కా తీసిపెట్టిన చేతులే షాపులో కీబోర్డు మీదకి వెళ్తాయి. సాయంత్రం మళ్లీ అవే చేతులు అంట్ల దగ్గరకి వస్తాయి. ఇందులో ఏది పనో ఏది కాదో లెక్క తేల్చమని అత్తనడిగితే తేల్చదు. పైగా తవిటమ్మ అత్తే కాదు, రాజకుమారి తండ్రికి తోడబుట్టిన అక్క. కన్నవారిల్లూ అత్తవారిల్లూ ఒకటే అయిపోయిన ఆడదానికి ఏ ఇంట్లో మాట ఏ ఇంట్లో చెప్పుకోవాలో తెలియదు.

బొబ్బిలి బస్టాండు వెనక వీధిలో వాళ్ల షాపు. బోర్డు మీద మురళి గ్రాఫిక్స్ అని పెద్ద ఎర్రక్షరాలు. లోపల ప్లైవుడ్ అడ్డు వెనక కూర్చుని టైపు చేసేదీ, పేజీలు కట్టేదీ, తప్పులు దిద్దేదీ రాజకుమారి. ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడేది ఆమె మొగుడు మురళీమోహన్. పెళ్లికార్డు బాగా కుదిరితే మురళి బాగా చేశాడంటారు. ఎక్కడైనా ఒక వత్తు ఎగిరిపోతే అతను అడ్డు వైపు వేలు చూపించి "మా ఇంట్లోది సేసిందండి" అంటాడు. వచ్చినవాళ్లు నవ్వుతారు. అడ్డు వెనక ఆమెకు ఆ నవ్వు వినబడుతూనే ఉంటుంది.

వాళ్లు వాడే తెలుగు సాఫ్ట్‌వేరు పాతది. అది పనిచెయ్యాలంటే కంప్యూటరు వెనక లాక్ గుచ్చి ఉండాలి. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. దాన్ని తీసేస్తే తెర మీద తెలుగంతా పిచ్చి గుర్తులైపోతుంది. దొంగ కాపీలు పుట్టకుండా సాఫ్ట్‌వేరు చేసినవాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది. మురళి దానికి వేరే ఉపయోగం కనిపెట్టాడు.

కిందటేడు ఒక ఫైలు కొత్త ప్రింటరులో ప్రింటు కాక, రాజకుమారి విజయనగరంలో ఒక ఆపరేటరుకి ఫోను చేసి అడిగింది. అతను ఓపిగ్గా చెప్పాడు. మర్నాడు మంచితనం కొద్దీ, పని అయిందా అని తిరిగి ఫోను చేశాడు. ఆ ఫోను మురళి ఎత్తాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు, థాంక్సండి అన్నాడు, ఫోను బల్ల మీద పెట్టాడు. అడ్డు వెనక్కి వచ్చి ఆమె చెంప మీద కొట్టాడు. వెంటనే ముందుకెళ్లి, విజిటింగ్ కార్డుల కోసం వచ్చిన మనిషితో కాగితం మందం గురించి అదే గొంతుతో మాట్లాడాడు. దెబ్బ కన్నా ఆ గొంతే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అందులో చిన్న వణుకైనా లేదు. కొట్టడమూ కాగితం చూపించడమూ అతనికి ఒకే రకం పనుల్లా ఉన్నాయి.

తండ్రితో చెప్పుకుంది. "మా అక్క కొడుకు, నాకు తెలీదేటి ఆడి సంగతి. కోపమొస్తాది, పోతాది. నువ్వు పరాయి మొగోళ్లకి ఫోన్లు సెయ్యడం ఏటి మరి" అన్నాడు తండ్రి. అక్కడితో ఆ తలుపు మూసుకుపోయింది.

అప్పటినుంచి మురళి బయటికి వెళ్తే లాక్ పీకి, బండి తాళంతో పాటు జేబులో వేసుకుని పోయేవాడు. "నాను లేనప్పుడు నీకు పనేటి" అనేవాడు. అతను కాగితం కోసమో ప్రింటింగు ప్లేట్ల కోసమో ఊరి మీదకి వెళ్లిన గంటల్లో ఆమె తెరకేసి చూస్తూ ఖాళీగా కూర్చునేది. ఆ ఖాళీలో కూడా విశ్రాంతి ఉండేది కాదు. వీధి మలుపులో ఏ బండి మోత వినబడినా ఒళ్లు బిగుసుకునేది. తనేమీ తప్పు చెయ్యలేదని తెలిసినా, ఏదో తప్పు చేస్తూ దొరికిపోబోతున్నట్టే ఉండేది. విజయనగరం హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతున్న కూతురు తులసి ఫోనులో, "అమ్మా, ఎందుకలా మెల్లిగా మాటాడతావు" అనడిగితేగాని, తన గొంతు అంత తగ్గిపోయిందని ఆమెకు తెలియలేదు.

అలాంటి రోజుల్లో జగదీశ్వరి మేడం వచ్చింది. సంగీతం టీచరుగా రిటైరై, ఇంట్లో పిల్లలకి వీణ చెబుతోంది. తన తండ్రి దగ్గర నేర్చుకున్న పాఠాలన్నీ పుస్తకంగా వేయించి, దసరాకి తన శిష్యులకి పంచాలని ఆవిడ కోరిక. తండ్రి చేతిరాత కాగితాలు బల్ల మీద పరిచి, స్వరాల మీద పెన్సిలుతో పెట్టిన చుక్కలు చూపించింది. పైన చుక్క ఉంటే పై స్థాయి, కింద చుక్క ఉంటే కింది స్థాయి, ఏదీ లేకపోతే మధ్యది. "చుక్క పక్క అక్షరం మీదకి జరిగిందంటే పాట మారిపోతుందమ్మా. పిల్లలు జన్మంతా తప్పు వాయిస్తారు" అంది, అడ్డు మీంచి లోపలికి తొంగిచూసి, రాజకుమారితోనే. ఆ షాపుకి వచ్చి ఆమెతో నేరుగా మాట్లాడిన మనుషులు తక్కువ.

"అదెంత పని మేడం, సుక్కలే కదా" అన్నాడు మురళి.

అది పెద్ద పనే అయింది. పాత సాఫ్ట్‌వేరులో అక్షరం మీద చుక్క పెట్టే దారే లేదు. రాజకుమారి ఒక్కో చుక్కనీ విడిగా గీసి, స్వరం నెత్తిన కూర్చోబెట్టింది. పేజీ చక్కగా కనబడింది. పై వరసలో ఒక కామా దిద్దగానే అక్షరాలన్నీ జరిగిపోయాయి, చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మళ్లీ మొదటినుంచీ సర్దింది. మళ్లీ జరిగాయి. ఒక చిన్న దిద్దుబాటుకి పూట పూటంతా పోయేది. మురళి వెనక నిలబడి చూసి, "సుక్కలెట్టడం రాదా నీకు? రోజూ వాకిట్లో ముగ్గులేస్తన్నావు కదేటి" అన్నాడు. ముందున్న ఎవరో నవ్వారు. ఈ పుస్తకం తప్పులతో బయటికి వెళ్తే ఏమవుతుందో ఆమె ఊహించుకుంది. అందరి ముందూ వేలు తన వైపే తిరుగుతుంది. షాపు కట్టేశాక మిగతాది. 

లాక్ లేని ఒక మధ్యాహ్నం, నెట్‌లో తెలుగు అక్షరం మీద చుక్క పెట్టడం ఎలా అని వెతికింది. చాలా వీడియోలొచ్చాయి. అన్నిట్లోనూ మగవాళ్ల గొంతులు, గబగబా, తనకి పరాయి యాసలో. ఒక్క దాంట్లో గాజుల చేతులు కనబడ్డాయి. ముఖం లేదు. "సూడండి, భయపడకండి, పాడయిపోదు. పాడైతే మళ్లీ సేసుకుందుము" అంటోంది ఆ గొంతు. రాజకుమారి ఆ వీడియోని పాఠం కోసం కన్నా ఆ మాట కోసమే మళ్లీ పెట్టుకుని వింది. కంప్యూటరు గురించి తన ఊరి మాటలో ఎవరైనా చెప్పగా వినడం అదే మొదలు.

ఆమె పేరు అనూరాధ. కోటబొమ్మాళిలో చిన్న డీటీపీ షాపు నడుపుతోంది. వీడియో కింద రాజకుమారి రాసిన ప్రశ్నకి నంబరిచ్చి, ఫోను చెయ్యమంది. రాజకుమారి ఆ నంబరు చూస్తూ చాలాసేపు కూర్చుంది. మురళి రోజూ సాయంత్రం ఆమె ఫోను తీసి చూస్తాడు. దాచుకోవలసిందేమీ లేకపోతే చూపించడానికి ఏడుపెందుకంటాడు. చివరికి ఆ నంబరుకి టైలరు చిన్నతల్లి అని పేరు పెట్టుకుంది. ఆ చిన్న అబద్ధం టైపు చేస్తుంటే, పెళ్లికార్డుల్లో వేలసార్లు కొట్టిన అక్షరాలే ఆమె వేళ్లకి దొరకలేదు.

అనూరాధ మొదట ఒక చిట్కా చెప్పింది. స్వరం తర్వాత ఫుల్‌స్టాపు కొట్టి, దాన్ని పైకెత్తి, వెనక్కి లాగి అక్షరం నెత్తిన పెట్టమంది. అలా చేస్తే లైను జరిగినా చుక్క వెంట వస్తుంది. నిజంగానే వచ్చింది. కానీ "స" మీద సరిగ్గా కూర్చున్న చుక్క "మా" మీదకొచ్చేసరికి అంచున వేలాడింది. ఇంకొంచెం లాగుదామంటే సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు.

"ఎన్నాళ్లు అతుకులేస్తావే రాజీ" అంది అనూరాధ. "దాన్నొదిలీ. ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేరుంది, నేర్పుతాను. ఊరికే ఇచ్చే ఫాంటుంది, మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చని సేసినోళ్లే రాసిచ్చినారు. స్వరాలకి సుక్కలెట్టి అందులోనే అక్షరాలుగా కలిపీసుకో. అప్పుడు సుక్క యెక్కడికీ పోదు."

"లాకో?"

"దానికి లాకేటి."

ఆ మాట విన్నాక రాజకుమారికి సంతోషం కలగవలసింది. కలిగింది భయమే. లాక్ లేకుండా తెలుగు వచ్చే కంప్యూటరు అంటే మురళికి ఏమవుతుందో, అది తెలిసిన రోజు తనకేమవుతుందో ఆమె మనసు ముందే చూసేసింది. అయినా నేర్చుకుంది. అతను లాక్ పట్టుకుపోయిన గంటలన్నీ ఇప్పుడు చదువుకునే గంటలయ్యాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఒక చెవితో అనూరాధ మాట, రెండో చెవితో వీధి. స కి పైచుక్క, స కి కింద చుక్క, తర్వాత రి, తర్వాత గ. కొన్ని అక్షరాలు ఖాళీ పెట్టెలుగా తేలేవి, మళ్లీ చేసేది. పనంతా పాత పెళ్లికార్డులు అనే ఫోల్డరులో దాచేది. ఒకరోజు వరస మధ్యలో మాట చేర్చి చూస్తే, రి తో పాటు దాని చుక్క కూడా బుద్ధిగా జరిగి పక్కన కూర్చుంది. ఆమె గట్టిగా నవ్వబోయి, వీధిలో బండి మోత విని ఆపుకుంది. బండి మురళిది కాదు. నవ్వు మాత్రం మళ్లీ రాలేదు.

ఆ వారమే ఒక సాయంత్రం, ఇంట్లో ఆమె పప్పు పోపు పెడుతుండగా, మురళి కుర్చీలో కూర్చుని ఫోను తిరగేస్తూ, "ఈ టైలరుతో ఇంతింతసేపు మాటలేటి?" అన్నాడు. గొంతులో కోపం లేదు. జాకెట్టు కొలతలు అంది రాజకుమారి. "ఓహో" అన్నాడు. నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది. పోపు మాడుతోందని తవిటమ్మ అరుగు మీంచి కేక వేసింది. అవతల అనూరాధ ఎత్తి, హలో అంది. అనూరాధకి రాజకుమారి తన ఇంటి సంగతులేవీ చెప్పలేదు. ఫోనులో ఎవరి పేరుతో ఉందో అంతకన్నా చెప్పలేదు.

"టైలరు చిన్నతల్లేనా?" అన్నాడు మురళి.

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. 

"అవును, ఎవులు బాబూ? జాకెట్టు కోసమా? ఇంకా అవ్వలేదు. లక్ష్మివారం రమ్మని సెప్పు" అంది అనూరాధ, విసుగ్గా, చేతినిండా పనున్న మనిషిలా.

మురళి ఫోను ఆమెకిచ్చేశాడు. "పోపు మాడిపోయింది, మళ్లీ పెట్టు" అన్నాడు.

మర్నాడు రాజకుమారి ఫోను చేసి, సంజాయిషీ చెప్పబోయింది. అనూరాధ చెప్పనివ్వలేదు. "మొగోడి గొంతు అలగ మెత్తగా అడిగితే నాకు తెలీదేటి. నాను మా అక్క నంబరుకి ఎరువుల కొట్టని పేరెట్టుకుని బతికినాను కొన్నాళ్లు" అంది. ఆ తర్వాత ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. ని కి కింద చుక్క ఎందుకు పక్కకి పోతోందో చూసుకున్నారు.

పుస్తకం మొదటి పేజీల నమూనా తీసినరోజు మురళి ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. ప్రతి చుక్కా ఉండవలసిన చోటే ఉంది. మెచ్చుకుంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడినందుకు ఆమె తనని తానే తిట్టుకుంది. "ఎవులు సెప్పినారు?" అన్నాడు. చేసి చేసి వచ్చిందంది. "ఊఁ" అన్నాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజునుంచి టీకి వెళ్లినా లాక్ తీసుకునే వెళ్లాడు. ఇంట్లో ఎక్కువ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో పళ్లెం కింద పెట్టాలన్నా చప్పుడు కాకుండా పెట్టేది ఆమె. రోజూ అదే చూపు, అదే ఊఁ. అతను దేని కోసం ఆగుతున్నాడో తెలియక, ఒక్కోసారి ఆ కొట్టేదేదో కొట్టేస్తే బాగుణ్ననిపించేది. అలా అనిపించినందుకు మళ్లీ భయమేసేది. తనలో ఏదో వంగిపోయి, ఇక తిన్నగా లేవదేమోనని.

మేడం వస్తానన్న రోజు మధ్యాహ్నం, మురళి లాక్ పీకి అరచేతిలో పెట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. "రేపట్నించి నువ్వు ఇంటికాడే ఉండు. ఎవర్నో పెట్టుకుంటాను. మేడం వస్తే ఫైలు పోయింది, నా వల్ల అవ్వలేదని నువ్వే సెప్పు" అన్నాడు.  ఎందుకో ఆమె అడగకముందే అతనే చెప్పాడు. "నువ్వు నాకు తెలీకుండా ఏటో నేర్సుకుంటన్నావు. ఏటో నాకక్కర్లేదు. అది ఆగిపోవాల."

మేడం వచ్చింది. ఎండలో నడిచి వచ్చిందేమో, ముఖం తుడుచుకుంటూ కూర్చుంది. సారీ మేడం, మా ఇంట్లోదాని వల్ల పాడైపోయింది అని మొదలుపెట్టి, మురళి అడ్డు వైపు తిరిగి "సెప్పు" అన్నాడు. జగదీశ్వరి ముఖం వాడిపోయింది. ఆవిడ కోప్పడలేదు. తండ్రి చేతిరాత కాగితాలన్నా తిరిగిచ్చేయమంది. చెప్పవలసిన వాక్యం రాజకుమారి నోట్లో సిద్ధంగానే ఉంది. చెప్పేస్తే ఈ పూట గడిచిపోతుంది. రేపటినుంచి ఇల్లు, పోపు, మాత్రలు, ఊఁ. ఆమె చెయ్యి మౌసు మీద ఉంది. ఆ చెయ్యి తనకన్నా ముందు కదిలినట్టనిపించింది ఆమెకి. పాత పెళ్లికార్డుల ఫోల్డరు తెరిచింది. పుస్తకం తెరిచింది.

"ఇలా వచ్చి చూడండి మేడం. పోలేదు" అంది.

జగదీశ్వరి లేచి అడ్డు దాటి లోపలికి వచ్చింది. కళ్లజోడు సర్దుకుని తెర మీది వరసని వేలితో చదివింది. లోగొంతుకతో పాడింది, బల్ల మీద వేళ్లు కదిపింది. పై స్థాయి దగ్గర గొంతు పైకెళ్లింది. కింది స్థాయికి మెల్లిగా దిగింది. "తప్పు లేదమ్మా" అంది, ఆశ్చర్యంగా. తర్వాతి పేజీ చూపించమంది.

మురళి తెరకేసి చూశాడు, తన అరచేతిలోని లాక్ కేసి చూశాడు. అతని ముఖంలో ముందు అర్థంకానితనం, తర్వాత ఏదో అర్థమైన తనం వచ్చాయి. అంతలోనే నవ్వాడు. "దొరికినట్టుంది మేడం. నాను పక్కనుండి సేయించినాను కదా" అన్నాడు. మిగతా పేజీలు వారంలో ఇచ్చేస్తామన్నాడు. తర్వాత రాజకుమారి వైపు వంగి, ఆమెకొక్కర్తికే వినబడేట్టు, కాగితం మందం గురించి చెప్పే గొంతుతో, "మేడంని ఆటో ఎక్కించి రా. మాటాడాల" అన్నాడు.

అంతలో ముందుకెవరో వస్తే అతను అటు తిరిగాడు. రాజకుమారి పుస్తకాన్నీ, ఫాంటునీ, సాఫ్ట్‌వేరునీ పెన్‌డ్రైవులో వేసుకుంది. మేడంకి ఇవ్వవలసిన కాగితాల సంచి తనే పట్టుకుంది. చెప్పులు వేసుకుంది. వీధిలోకి వచ్చాక ఎండ కళ్లల్లో కొట్టింది. మలుపు దాకా నడిచే ఆ కాసేపట్లో ఆమె మనసు అన్ని దిక్కులకీ పరుగెత్తింది. తిరిగి వెళ్తే షట్టరు లోపలినుంచి దిగుతుంది, అది ఖాయం. వెళ్లకపోతే అతను ముందు ఇంటికి వెళ్తాడు, అత్తని అడుగుతాడు, నాన్నకి ఫోను చేస్తాడు. నాన్న వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మళ్లీ అదే గుమ్మంలో వదులుతాడు. తులసికి ఫోను చేసి మీ అమ్మ ఎలాంటిదో విన్నావా అంటాడు. తులసి ఏమంటుందో. చేతిలో ఈ సంచీ, పెన్‌డ్రైవూ, ఇంటి తాళమూ తప్ప మరేమీ లేదు. ఒంటి మీద బట్టలు తప్ప బట్టలు లేవు. ఇన్నీ కనబడుతున్నాయి గాని, వెనక్కి తిరగడానికి మాత్రం ఒళ్లు ఒప్పుకోలేదు.

ఆటో వచ్చి ఆగింది. జగదీశ్వరి ఎక్కి, సంచి కోసం చెయ్యి చాపింది. రాజకుమారి సంచి ఇవ్వలేదు.

"మీ ఇంట్లో కంప్యూటరుందా మేడం?"

"మా మనవరాలి లాప్‌టాప్ ఉంది. ఎందుకమ్మా?"

"మిగతా పేజీలు అక్కడ కూర్చుని చేస్తాను" అని ఆమె పక్కకెక్కి కూర్చుంది. సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.  జగదీశ్వరి ఆ చేతులకేసి చూసింది, తర్వాత వీధి చివర షాపు బోర్డుకేసి చూసింది.

"మీ ఆయనతో చెప్పి వచ్చావా?"

ఇలాంటి ప్రశ్నలకి చెప్పవలసిన జవాబులు రాజకుమారికి చాలా వచ్చు. చెప్పానండి అనవచ్చు, ఆయనే పంపారండి అనవచ్చు, నవ్వి ఊరుకోవచ్చు. ఇన్నేళ్లూ వాటితోనే నెట్టుకొచ్చింది. ఆటో డ్రైవరు వింటున్నాడని తెలుసు. సాయంత్రానికి బజారంతా పాకుతుందనీ తెలుసు. గొంతు తగ్గించుకోకుండా చెప్పింది.

"లేదు మేడం. చెబితే రానివ్వడు. కొడతాడు."